ఎన్నికల ప్రచార వాఙ్మయము: 1955 ఆంధ్ర ఎన్నికల పరిశీలనము

ఎన్నికలు ముగిసిన మరునాడు గెలిచినవారును ఓడినవారును ఒక్క విషయమున ఏకాభిప్రాయులగుదురు. గెలిచినవారు తమ ప్రచారము ప్రజలను మేలుకొలిపినదందురు. ఓడినవారు ఎదుటిపక్షపు ప్రచారము ప్రజలను మోసపుచ్చినదందురు. రెండు వాక్యములలోను ప్రచారమే కర్త. వోటరు కేవలము కర్మపదము. ఈ వ్యాకరణము ఎంతవరకు సరియైనదో తెలిసికొనుటకు తెలుగువారి రాజకీయచరిత్రలో 1955 ఫిబ్రవరి నాటి ఆంధ్రరాష్ట్ర శాసనసభ ఎన్నికలకంటె మంచి నిదర్శనము లేదు. తెలుగున ఎన్నికల ప్రచారమొక వాఙ్మయముగా, ఒక కళగా, ఒక పరిశ్రమగా రూపొందినది ఆ కొలది వారములలోనే. దానిని గూర్చి ఇరుపక్షములవారును వ్రాసినది చాల కలదు. ఆ వ్రాతలలో చాలభాగము ప్రచారమును మెచ్చుకొనుటయో తిట్టుటయో గాని, దానిని విమర్శించుట కాదు.

పూర్వరంగము కొంత తెలియవలెను. 1952 సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే లభించినవి. ముఖ్యమంత్రిగా నున్న పూసపాటి కుమారస్వామి రాజా శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయెను. ఆయన తమిళదేశమున తరతరములుగా తెలుగు నిలుపుకొనిన రాజపాళయపు రాజుల కుటుంబములోనివాడు. తరువాత ఒరిస్సాకు గవర్నరయ్యెను. ఆంధ్రజిల్లాలలోని 140 స్థానములలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసునకు 40 వచ్చినవి. అనంతపురమున నీలం సంజీవరెడ్డి తరిమెల నాగిరెడ్డికి ఓడెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడి, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రియై, మద్యనిషేధ వివాదమున 1954 నవంబరులో ఒక్క వోటు తేడాతో ఆ ప్రభుత్వము కూలినది. రాష్ట్రపతి పాలన వచ్చినది. రానున్న ఎన్నికలలో కమ్యూనిస్టులు భారతదేశమున మొదటి సారిగా ఒక రాష్ట్రమును చేజిక్కించుకొందురేమోయని ఢిల్లీ మొదలు మాస్కో వరకు అందరును ఎదురుచూచిరి. ఆ ఘట్టము కేరళలో 1957లో జరిగినది, ఆంధ్రమున జరుగలేదు. ఏల జరుగలేదన్న ప్రశ్నకు అప్పటినుండి వినవచ్చు ప్రత్యుత్తరము "ప్రచారము" అన్న ఒక్క మాటయే.

ఆ ప్రచారము పనిచేసిన తీరు తెలియుటకు ముందు వోటు వేయు విధానమును గుర్తునకు తెచ్చుకొనవలెను. ఇప్పటివలె ఒకే కాగితముపై పేర్లు, గుర్తులు అచ్చొత్తి ముద్ర వేయుమనుట గాని, యంత్రముపై మీట నొక్కుమనుట గాని నాడు లేదు. అభ్యర్థి కొక పెట్టె. ఆ పెట్టెపై ఆతని గుర్తు. వోటరు తెరచాటునకు పోయి తన చీటిని తనకు నచ్చిన పెట్టెలో వేయవలెను. 1937 ఎన్నికలలో గుర్తులకు బదులు రంగులుండెను. కాంగ్రెసు పెట్టె పసుపుపచ్చనిది. పసుపు తెలుగింట, తమిళింట శుభద్రవ్యము. కావున ఆ రంగు గూర్చి ప్రచారకులు వేరుగా చెప్పవలసిన దేమియు లేకపోయినది. ఆ ఎన్నికలలో కాంగ్రెసు 215 స్థానములలో 159 గెలిచినది. బొబ్బిలిలో బొబ్బిలి రాజానే బరంపురమున పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఓడించెను. ఐనను నాటి వోటుహక్కు ఆస్తి, చదువు గలవారికి పరిమితము. 1952 నాటికి ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి స్త్రీ పురుషునకు వోటు వచ్చినది. అక్షరాస్యులు నూటికి ఇరువదికి మించని కాలమది. కాబట్టి మాటకంటె బొమ్మకు విలువ హెచ్చినది.

ఆ బొమ్మలను విమర్శకులు తగినంత శ్రద్ధతో చూడలేదనిపించును. కాంగ్రెసు గుర్తు కాడి కట్టిన జోడెద్దులు. కమ్యూనిస్టుల గుర్తు కంకి, కొడవలి. రెండును సేద్యమునుండి తీసినవే; రెండును తెలుగు పల్లెకు సుపరిచితములే. కాని పల్లెలో జోడెద్దులుండుట ఒక అంతస్తునకు చిహ్నము. "వానికి జత యెద్దులున్నవి" యనిన వాడు సొంత సేద్యము గలవాడని అర్థము. కొడవలి యుండుటకు ఎకరము భూమి యుండనక్కరలేదు. కోతకూలికి పోవు స్త్రీ చేతగూడ కొడవలి యుండును. ఈ గుర్తులు ఆంధ్రదేశముకొరకు ప్రత్యేకముగా కల్పించినవి కావు, దేశమంతట నున్నవే. ఐనను కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలో భూమి గలవానికిని కూలివానికిని మధ్య నున్న గీత, ఉపన్యాసకుడు నోరు విప్పకముందే, ఆ రెండు పెట్టెలమీద గీయబడియున్నది. ఏ కరపత్రమును ఇంతటి పని చేయలేదు.

బొమ్మ తరువాతి స్థానము పాటది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయసాధనముగా తీర్చినదన్నది సుప్రసిద్ధము. ఇట అంతగా గమనింపబడని విషయమొకటి కలదు. బుర్రకథలో రాజకీయము బయటినుండి తెచ్చి అతికించినది కాదు. తంబుర పట్టి, అందెలు మ్రోగించుచు నడుమ నిలిచిన కథకునకు ఇరువైపుల ఇద్దరు వంతలుందురు. ఒకడు హాస్యము చెప్పును, రెండవవాడు "రాజకీయము" చెప్పును. పాతకథను ఆపి, నేటి ధరలు, నేటి అధికారులు, నేటి అన్యాయములు చెప్పుట రెండవవాని పాత్ర. కాబట్టి షేక్ నాజర్ వంటి మహాకళాకారునకు ఆ రూపమును విరువవలసిన అవసరము కలుగలేదు; దానిలోనే యున్న చోటును విశాలపరచిన చాలినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల "మా భూమి" నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించుట ఆ మండలి బలమునకు ప్రభుత్వమిచ్చిన యోగ్యతాపత్రమువంటిది.

అయితే ఈ కళకును వోటునకును గల సంబంధమును ఇరుపక్షములును ఉన్నదానికంటె దగ్గరగా భావించినవి. పల్నాటియుద్ధము చెప్పినపుడు కథ నడచును. రాజకీయము దానిపై వ్యాఖ్య. ఎన్నికలకు చెప్పిన కథలో రాజకీయమే నడచును. కథ దానికొక పిడి. పిడి నెంత నగిషీ చేసినను జనము చూచునది కత్తినే. వేలమంది చేరి తెల్లవారువరకు విని, మెచ్చి, నవ్వి, ఇంటికి పోయి తమకు తోచిన పెట్టెలో చీటి వేసిన గ్రామము లుండుటలో వింత లేదు. కళకు వచ్చిన జనమును వోట్లుగా లెక్కించుట ఆ కాలపు ప్రచారకుల పెద్ద భ్రమ. ఆ తరువాత బుర్రకథను అన్ని పక్షములును, ప్రభుత్వ ప్రచారశాఖలును వాడుకొనినవి. కుటుంబనియంత్రణమునకును, ఎరువులకును తందానతాన పాడిన నాటికి ఆ రూపముయొక్క వాడి ఎంత మిగిలినదో విన్నవారికే తెలియును.

మూడవది పత్రిక. ఇక్కడ రాష్ట్రేతరాంధ్రులు జ్ఞప్తియందుంచుకొనదగిన విశేషము కలదు. 1955 ఎన్నికలు జరిగినది ఆంధ్రరాష్ట్రమున. ఆ ఎన్నికల భాషలో అధికభాగము తయారైనది చెన్నపట్టణమున. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి 1914లో మద్రాసున దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రిక యింకను అక్కడనే వెలువడుచుండెను. నార్ల వేంకటేశ్వరరావు సంపాదకత్వమున ఆంధ్రప్రభయు అక్కడనే. రాష్ట్రము వేరుపడి సంవత్సరమున్నర కావచ్చినను తెలుగుమాటకు అచ్చుయంత్రములు ఇంకను తమిళనగరముననే యుండెను. కమ్యూనిస్టుల విశాలాంధ్ర మాత్రము 1952 నుండి విజయవాడలో అచ్చగుచుండెను. రైలులో వచ్చిన మద్రాసు పత్రికను ఊరిలో ఒకడు చదువగా పదిమంది వినిరి. చదువువాడు తన యభిప్రాయమును గూడ స్వరమున కలిపి చదువును గనుక, సంపాదకుడు వ్రాసినదొకటి, రచ్చబండపై వినబడినది మరియొకటి.

నార్లవారి సంపాదకీయములు తెలుగు వచనమునకు వాడుకభాష యిచ్చిన బలమునకు నిదర్శనములని సాహిత్యచరిత్ర అంగీకరించినది. చిన్న వాక్యము, పదునైన పోలిక, ప్రతిపక్షిని ఒక్క విశేషణముతో నిలబెట్టి వదలుట ఆ శైలి లక్షణములు. 1955లో ఆ కలము కమ్యూనిస్టులపై తిరిగినది. మరియొకవైపు శ్రీశ్రీ కమ్యూనిస్టుల పక్షమున వేదిక లెక్కెను. అభ్యుదయసాహిత్యమును ప్రేమించిన పాఠకులు తమ యభిమాన రచయితలు లారీలపై నిలిచి మైకులో అరచుట చూచిరి. రచయితకు రాజకీయము నిషిద్ధమనుట ఛాందసము. చింతింపదగినది వేరు: ఎన్నికలవేళ రచయిత తన మాటను తాను పరీక్షించుకొను తీరిక పోగొట్టుకొనెను. కవిత్వమున ఒక పదమునకు రెండు అర్థములుండుట గుణము. వేదికపై అది దోషము. రెండర్థములను విడిచిపెట్టుట అలవాటైన కలము తిరిగి ఇంటికి వచ్చినపుడు పాత చురుకు కొంత కోల్పోవును. ఆ తరపు రచనలో 1955 తరువాత కానవచ్చు అలసటకు ఓటమి యొక్కటియే కారణమని చెప్పుట సరికాదు.

కాంగ్రెసు ప్రచారమునకు బొంబాయినుండి ఎస్. కె. పాటిల్ వచ్చి వ్యూహకర్తగా నిలిచెను. ఆ ప్రచారమున భయము ప్రధానరసము. కమ్యూనిస్టులు వచ్చిన భూమి పోవును, గుడి పోవును, కుటుంబము పోవును అను మూడు మాటలు వివిధరూపములలో ఊరూర తిరిగినవి. 1951 అక్టోబరులో విరమింపబడిన తెలంగాణ సాయుధపోరాటపు జ్ఞాపకములు పొరుగుననే యుండుటచే ఆ భయమునకు ఋజువులు వెదకనక్కర లేకపోయినది. కమ్యూనిస్టు వక్తలు దీనికి సరియైన సమాధానము చెప్పుటకు మారుగా తమ ప్రభుత్వమే రానున్నదన్న ధీమాతో మాట్లాడి, భయపడినవారికి మరింత కారణము కల్పించిరి. చిన్న రైతును ధైర్యపరుపవలసినచోట పెద్ద భూస్వామిని బెదిరించిరి. ఆ బెదిరింపు చిన్న రైతునకే ముందు తగిలినది.

ఈ భయప్రచారముకంటె సూక్ష్మమైనవి, ప్రచారకళాదృష్టితో చూచిన ఎక్కువ మెచ్చదగినవి, మరి రెండు కలవు. 1955 జనవరిలో మద్రాసు చెంతనే ఆవడిలో యు. ఎన్. ఢేబర్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు మహాసభ "సామ్యవాద తరహా సమాజము" తన లక్ష్యమని తీర్మానించినది. ఎదుటివాని నిఘంటువులోని అతిముఖ్యమైన పదమును ఎన్నికలకు కొలది వారములముందు తన నిఘంటువులోనికి ఎక్కించుకొనుట సామాన్యమైన చాతుర్యము కాదు. పిమ్మట జనవరి 26న మాస్కోనుండి వెలువడు ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగనీతిని శ్లాఘించుచు సంపాదకీయము వ్రాసినది. కాంగ్రెసువారు దానినే అచ్చువేసి పంచిరి. కమ్యూనిస్టు కార్యకర్తకు ఇంతకంటె ఇరకాటము లేదు: వేదము తప్పనవలెనా, వేదమునకు తన పురోహితుడే అపార్థము చెప్పుచున్నాడనవలెనా? ప్రచారచరిత్రలో ఈ ఘట్టమునకు గల స్థానము శాశ్వతము. దీనిని వర్ణించుట ముగించిన వెంటనే చరిత్రకారులలో అనేకులు "కనుకనే కమ్యూనిస్టులు ఓడిరి" అని వ్రాసిరి. చిక్కంతయు ఈ "కనుకనే" యందున్నది.

అంకెలు చూడవలెను. మొత్తము 196 స్థానములు. కాంగ్రెసునకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5. ఈ మూటికి పొత్తు గనుక ఐక్యసంఘటనకు 146. ప్రజాసోషలిస్టులకు 13. కమ్యూనిస్టులకు 15. నలువదియొక్కటినుండి పదునైదునకు పడిపోయినది గనుక ప్రజలు కమ్యూనిస్టులను త్రోసివేసిరని పత్రికలు శీర్షికలు కట్టినవి. కాని వోట్ల లెక్క వేరొక కథ చెప్పుచున్నది. 1952లో ఆంధ్రజిల్లాలలో ఆ పక్షమునకు వచ్చినవి నూటికి సుమారు 22. 1955లో వచ్చినవి నూటికి 31కి పైగా. వోట్లు హెచ్చినవి, స్థానములు మూడవవంతునకు తగ్గినవి.

ఇందు జాగ్రత్తగా చదువవలసిన అంశములు లేకపోలేదు. 1955లో కమ్యూనిస్టులు 169 స్థానములకు, అనగా మునుపటికంటె చాల ఎక్కువ చోట్ల, నిలిచిరి. ఎక్కువ చోట్ల నిలిచిన ఎక్కువ వోట్లు వచ్చుట సహజము. 29 నియోజకవర్గములు ద్విసభ్యములగుటచే అక్కడి వోటరునకు రెండేసి వోట్లుండెను. శాతముల లెక్క అక్కడ కొంత మసకబారును. ఇవి తీసివేసి చూచినను, భయప్రచారము దెబ్బకు ఆ పక్షపు వోటర్లు పారిపోయిరన్న మాట నిలువదు. ప్రావ్దా కరపత్రము, పత్రికల శీర్షికలు, మూడు భయముల కథలు అన్నియు విని, వారు అదే కంకికొడవలి పెట్టెలో చీటి వేసిరి. అంతేకాదు, వారితో క్రొత్తవారును చేరిరి.

మరి స్థానము లేల పోయినవి? 1952లో కాంగ్రెసు, ప్రకాశంగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ ఒకరినొకరు ఓడించుకొనిరి. నూటికి ముప్పది, ముప్పదియైదు వోట్లు వచ్చినవాడు గెలిచిన నియోజకవర్గము లనేకము. 1955లో అదే వోట్లు ఒకే అభ్యర్థి వెనుక పోగైనవి. ఐక్యసంఘటన పక్షములకు మొత్తముమీద దాదాపు సగము వోట్లు వచ్చినవి. సగముతో పోటీపడినపుడు మూడవవంతునకు స్థానములు దక్కవు. ఈ కూడికకు కవి యక్కరలేదు, సంపాదకుడక్కరలేదు. అహంకారములను సర్దిచెప్పగల మధ్యవర్తి కావలెను. అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో వ్రాసిన వ్యాసమున కోస్తామండలములలోని కులముల పోరును ఎత్తి చూపి, భూమిగల కమ్మవారిలో చీలికయే రెండు ఎన్నికల ఫలితములకును కీలకమని వాదించెను. ఆతని వాదమున అతిశయము కలదు. అన్నిటిని ఒకే తాళపుచెవితో తెరువజూచుట పరదేశపండితులకు సహజము. ఐనను, ఎవరు ఏ ఊరిలో నిలువవలెనను నిర్ణయము వేదికమీది ప్రసంగముకంటె బలమైనదని చూపుటలో ఆతడు పొరబడలేదు.

ఇక్కడ ఒక ప్రత్యాక్షేపణ తప్పక వచ్చును. భయప్రచారమే లేకున్న ఆ మూడు పక్షముల వోటర్లు ఒక్కటిగా నిలుచుచుండిరా? ప్రకాశంగారిని అభిమానించిన రైతు, నిన్నటివరకు తిట్టిన జోడెద్దుల పెట్టెలో చీటి వేయుటకు ఏదో ప్రేరణ కావలెను గదా? ఇది న్యాయమైన ప్రశ్న. ప్రచారముయొక్క నిజమైన పని ఇక్కడనే యున్నదనవలెను. అది ఎదుటివాని వోటరును కదల్పలేదు. తనవారిలోని మనస్పర్థలను కొన్ని వారములపాటు మరపించినది. నాయకులు కాగితముపై చేసికొనిన పొత్తును అనుచరులు మనస్సున అంగీకరించునట్లు చేసినది. దానికి అంతకంటె పెద్ద శక్తిని ఆరోపించుట వోటరును తక్కువచేయుటయే. కమ్యూనిస్టులకు వోటు వేసిన కూలి మాస్కోమాట విని వేయలేదు. మాస్కోమాట కాంగ్రెసునకు అనుకూలముగా వచ్చినపుడు గూడ అతడు కదలలేదు. ఎదుటిపక్షమునకు వేసిన చిన్న రైతు పత్రిక చదివి వేయలేదు. అతనికి పత్రిక చదువుట రాదు. వీరిద్దరిలో ఎవరిని "మోసపోయిన ప్రజ" యనవలెనో ఇరుపక్షముల చరిత్రకారులును చెప్పజాలరు.

1955 పాఠమును 1983 రద్దుచేసినదని కొందరందురు. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశము స్థాపించుట, పాత షెవర్లే వ్యానును చైతన్యరథముగా మార్చి రాష్ట్రమంతయు తిరుగుట, తొమ్మిదినెలలకే 1983 జనవరి 5 నాటి ఎన్నికలలో 294 స్థానములలో రెండువందలకు పైగా గెలుచుట అందరెరిగిన విషయము. కాంగ్రెసునకు 60 మిగిలినవి. ఇట పొత్తుల లెక్కకు పాత్ర స్వల్పము. గొంతు, రూపము, మాటయే సర్వస్వమనిపించును. పౌరాణిక చిత్రముల సమాసములను రోడ్డుకూడలికి దించి, ఎదుటనున్న స్త్రీలను ఆడపడుచులని సంబోధించి, దీర్ఘవిరామములతో మాటను తూచి విడుచు ఆ వాచకము తెలుగు రాజకీయవక్తృత్వమున ఒక నూతనశైలి. దానిని అనుకరించినవారందరును హాస్యాస్పదులైరన్నది దాని విశిష్టతకు చాలిన సాక్ష్యము.

కాని ఒక్క చిన్న వివరము చూడుడు. రామారావు కిలో బియ్యము రెండు రూపాయలకే యిత్తునని వాగ్దానము చేసెను. ఎన్నికలకు ముందే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వము కిలో రూ. 1.90కే ఇచ్చు పథకము ప్రారంభించినది. పది పైసలు తక్కువ. వాగ్దానము కాదు, అమలు. ప్రచారమే, ధరయే నిర్ణయించునదైన కాంగ్రెసునకు ఎంతో కొంత ఫలించవలసినది. ఫలింపలేదు. 1978నుండి 1983లోపల నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చుట, 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున ముఖ్యమంత్రి టి. అంజయ్యకు జరిగిన పరాభవము జనము మరువలేదు. ఆ మనఃక్లేశము ముందే యున్నది. "ఆత్మగౌరవ"మన్న పేరు రామారావు పెట్టెను. ఉన్నదానికి పేరు పెట్టుట గొప్ప పనియే, కవి చేయు పనియే. లేనిదానిని పుట్టించుట మాత్రము కాదు. 1989లో అదే గొంతు, అదే భాష, అదే తిరుగుడు. ఫలితము కాంగ్రెసునకు 181, తెలుగుదేశమునకు 74. కల్వకుర్తిలో రామారావే ఓడెను. ఆరేండ్లలో వక్త మారలేదు. వినువారికి పరిపాలన రుచి తెలిసినది. 1994లో మరల 216 స్థానములిచ్చినదియు ఆ వినువారే.

ఆంధ్రదేశపు టెల్లలు దాటిన తెలుగు వోటరును ప్రచారకు లెట్లు చూతురన్నది వేరొక అధ్యాయము. బళ్ళారి 1953లో మైసూరునకు పోయినది. తెలుగు మాత్రము అక్కడి ఇండ్లలో, అంగళ్ళలో నిలిచినది. 1999 లోక్‌సభ ఎన్నికలలో అక్కడ సోనియా గాంధీకి ప్రతిగా నిలిచిన సుష్మా స్వరాజ్ కన్నడము నేర్చి, ఆ భాషలోనే ప్రసంగించి ప్రశంస లందెను. దేశపత్రికలన్నియు ఆ భాషాభ్యాసమును వర్ణించినవి. సభలలో చప్పట్లు మిన్నుముట్టినవి. ఐనను 56 వేల పైచిలుకు వోట్లతో ఆమె ఓడెను. 1952నుండి విడువక కాంగ్రెసునే పంపుచున్న నియోజకవర్గ మది. చప్పట్లు ఒకరివి, వోట్లు వేరొకరివి. భాష నేర్చుట మర్యాద. మర్యాదకు మర్యాద బళ్ళారివారు చేసిరి, అది వోటుగా మారవలెనను నియమము లేదు. బళ్ళారిలో తెలుగు మాటాడువారు గూడ నున్నారన్న సంగతి ఆ భాషాభ్యాసవర్ణనలలో కానరాదు.

యానామునందలి ఉదాహరణము ఇంకను సన్నిహితమైనది. పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికగు ముప్పదిమందిలో యానామునుండి పోవువాడొక్కడే. చుట్టును గోదావరిమండలము, పాలన వందలమైళ్ళ దూరమున తమిళనగరమునుండి. 2021లో ముఖ్యమంత్రి కాగోరు ఎన్. రంగసామి తట్టాంచావడితోపాటు యానామునందును నిలిచెను. 1996నుండి వరుసగా అక్కడ గెలుచుచు వచ్చిన మల్లాడి కృష్ణారావు ఆయనకు అండగా తిరిగెను. ప్రచారకుల లెక్కలో ఇంతకంటె నిశ్చయమైన స్థానము లేదు. ముఖ్యమంత్రియే మీ సభ్యుడగునన్న మాటకు ఎదురుచెప్పుట సులభమా? లెక్కించిన పిమ్మట స్వతంత్రుడుగా నిలిచిన గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ 655 వోట్ల ఆధిక్యముతో గెలిచెను. తట్టాంచావడిలో గెలిచిన రంగసామి ముఖ్యమంత్రి యయ్యెను. యానామువారు తమ ప్రతినిధిగా పంపినది మాత్రము తమ యూరివానినే.